అమ్మకు అప్పజెప్పని ఒక మధ్యాహ్నం

ఆ రోజు సంగతి అమ్మకు తెలిసిందా, లేదా... ముప్ఫై ఏళ్లు దాటినా ఈ ప్రశ్న నన్ను వదలలేదు.

మా చిన్నప్పుడు... నాకు పదేళ్లు, చెల్లి స్వప్నకు ఐదు. నాన్న పోయిన మరుసటి ఏడు అమ్మకు నారాయణగూడలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికింది. రెండు ట్రంకు పెట్టెలు, ఒక కిరోసిన్ స్టవ్వు, బొంతల మూటతో వనపర్తి నుంచి వచ్చి చిక్కడపల్లి గల్లీలో మేడ మీద ఒంటిగదిలో దిగాం. నడి వేసవి. బళ్లు తెరవడానికి ఇంకా నెల ఉంది. అమ్మ డ్యూటీకి వెళ్తే పగలంతా మేమిద్దరమే...

అమ్మ మొదటి రోజే చెప్పేసింది. "ఈ నెల సూస్త సుజీ. ఏమన్న తేడా వచ్చిందా, ఇద్దర్ని అమ్మమ్మ కాడికి తోలిస్త. నేనొక్కదాన్నే ఇక్కడుంట."

నాన్న లేని ఇల్లు అప్పటికే అలవాటవుతోంది. అమ్మ కూడా లేని ఇల్లు మాత్రం ఊహకందలేదు.

ఆసుపత్రిలో డ్యూటీ దిగే నర్సు, ఎక్కే నర్సుకు ఒక్కో మంచం గురించి చెప్పి అప్పజెప్పాలట. అమ్మ మా ఇంట్లోనూ అదే పద్ధతి పెట్టింది. పొద్దున గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ... "అన్నం గిన్నెల ఉంది. చెల్లెకు దగ్గుమందు ఎనిమిదింటికి ఏసిన, మల్ల రెండింటికి ఒక చెంచ. స్టవ్వు ముట్టద్దు. ఏది, చెప్పు." నేను పొల్లుపోకుండా తిరిగి చెప్తేనే మెట్లు దిగేది.

సాయంత్రం నా వంతు. అమ్మ యూనిఫాం బకెట్లో నానేసి, స్నానం చేసేదాకా మేం ముట్టుకోకూడదు. స్నానాలగది తలుపు ఇవతల నిలబడి రోజంతా అప్పజెప్పేదాన్ని. లోపల్నుంచి నీళ్ల చప్పుడు, మధ్యలో "ఇంకా?" అన్న మాట...

ఆ పద్ధతికి ఒక నియమం ఉంది. చెప్పకుండా దిగిపోతే తప్పు దిగినవాళ్లది. ఒకసారి చెవిన వేశాక బాధ్యత విన్నవాళ్లది. అమ్మ ఇది చాలా గర్వంగా చెప్పేది.

ఒక మధ్యాహ్నం నల్లా వచ్చింది. నీళ్లు పట్టడానికి కిందికి దిగి, బిందె నిండేలోపు గల్లీ పిల్లలతో అష్టాచెమ్మాకు కూచున్నాను. బిందె పొంగిపోయింది, నల్లా ఆగిపోయింది... ఆట ఆగలేదు. పైకెళ్లి చూస్తే స్వప్న లేదు.

అమ్మ రోజూ ఏ దారిన వెళ్తుందో అదే దారిన పరుగెత్తాను. నారాయణగూడ బస్సుల రొద వినబడేంత దగ్గరలో, కొత్తగా కడుతున్న ఒక ఇంటి ముందు ఇసుక కుప్ప మీద కూచుని ఉంది. చేతిలో జొన్నరొట్టె ముక్క. పక్కన, ఇసుక తట్ట దించి ఒక కూలిపని చేసే ఆమె.

"నువ్వేనా అక్కవు?"

తలూపాను.

"మంచిగనే ఉన్నవ్ పో. పిల్ల దవాఖానకు పోతనని బయలెల్లింది. ఏ గల్లి అంటే వనపర్తి అంటది. మాది గా పక్కన ఆత్మకూరే, గా మాట ఇని కూసోవెట్టిన. గా బస్సులల్ల వడితే ఎవలు జవాబు చెప్తరు?"

నేను ఏడుపు మొదలుపెట్టాను.

"ఏడ్సుడు గాదు. మీ అమ్మకు చెప్పు. దాస్తవా ఏంది?"

"చెప్త," అన్నాను. ఒట్టు కూడా వేశాను.

దారంతా ఆలోచించాను. చెప్తే మమ్మల్ని పంపించేస్తుంది. అంతకంటే... చెప్పిన మరుక్షణం ఆ తప్పు అమ్మదైపోతుంది. నియమం అదే కదా. పదేళ్ల బుర్రకు అలాగే అర్థమైంది.

ఆ సాయంత్రం తలుపు దగ్గర దగ్గుమందు చెప్పాను, తిన్న అన్నం చెప్పాను, నల్లా వచ్చిందని చెప్పాను.

"ఇంకా?"

"ఏం లేదమ్మా."

స్నానమయ్యాక అమ్మ పాత పేపరు పరిచి స్వప్న తల దువ్వింది. పేపరు మీద ఇసుక రాలింది... పిడికెడు కాదు గాని, కనబడేంత. అమ్మ దువ్వడం ఆపి చూసింది. నా వైపు చూడలేదు. పేపరు మడిచి పారేసి వచ్చి మళ్లీ అడిగింది, "ఇంకేమన్న ఉందా సుజీ?"

"లేదు."

మర్నాటి నుంచి కింది ఇంటామె రోజూ ఒంటిగంటకు ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చేది. "జర చింతపండు ఉందా బిడ్డా?" అని. ఆమె వంటింట్లో చింతపండు జాడీలు మా స్వప్నంత ఎత్తుండేవి. చింతపండు తీసుకునేది, ఇద్దరినీ కళ్లతో లెక్కబెట్టుకునేది, వెళ్లేది. నెల గడిచింది. మేం వనపర్తి వెళ్లలేదు.

మొన్న ఆ గల్లీలోకి వెళ్లాను. మేమున్న ఇంటి చోట నాలుగంతస్తుల హాస్టల్. పరీక్షలకు చదివే పిల్లలు మెట్ల మీద పుస్తకాలతో... ఎవరూ తలెత్తి చూడలేదు. చూడాల్సిన పనీ లేదు లెండి.

వెళ్లడానికి కారణం స్వప్నే. తనూ నర్సే. బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. మరిది దుబాయ్‌లో. కూతురికి పదకొండు, కొడుక్కి ఆరు. పిల్లల్ని అత్తగారి దగ్గర వదలాలా, వెంట తీసుకెళ్లాలా అని నెలరోజులుగా నలుగుతోంది.

"పెద్దది చూసుకోదా అక్కా? నువ్వు నన్ను చూసుకోలేదా? మనకేమైంది చెప్పు," అంది ఫోనులో.

తనకు ఆ మధ్యాహ్నం గుర్తే లేదు. ఇసుకా, రొట్టే, ఏదీ.

నేను "ఏం కాలేదు" అన్నాను. నోరు దానంతటదే అంది.

సోమవారం టికెట్లు బుక్ చేస్తుంది. ఒకటా, మూడా... రేపో ఎల్లుండో మళ్లీ అడుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్తే పిల్లలు తల్లికి దూరంగా పెరుగుతారేమో. చెప్పకపోతే వెంట తీసుకెళ్తుంది, అక్కడ మా కింది ఇంటామెలాంటి వాళ్లు ఉంటారో లేదో నాకేం తెలుసు. అబద్ధం మమ్మల్ని కలిపి ఉంచిందో, అదృష్టం ఉంచిందో కూడా నాకు ఖాయంగా తెలియదు. ఇలా మిమ్మల్ని పెద్దలు ఇంట్లో వదిలి పనికి వెళ్లిన రోజులు మీకూ ఉంటే, మీరు దాచినవేంటో రాయండి... చెల్లికి చెప్పాలో వద్దో నాకింకా తేలలేదు.