ముత్యాలరావు కుడి భుజం

కొల్లేటిలో వల విసరడంలో ముత్యాలరావుకు మంచి పేరుండేది. అన్న జగ్గారావు వెనక నిలబడి గెడకర్రతో దోనెను నెట్టేవాడు, తమ్ముడు ముందు నిలబడి వల విసిరేవాడు. పెళ్ళిళ్ళయి వేరు కాపురాలు పెట్టినా ఇద్దరికీ దోనె ఒక్కటే. నీళ్ళ మీద పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

కిందటి వానాకాలం, వేట ముగించి గట్టెక్కుతుండగా పాచి పట్టిన రాయి మీద ముత్యాలరావు కాలు జారింది. తడిసిన వలతో సహా కుడివైపు పడ్డాడు. లేచి కూర్చున్నాడు గానీ చెయ్యి లేవలేదు. జగ్గారావు తన తువ్వాలుతో తమ్ముడి చేతిని మెడకు కట్టి ఆటోలో ఏలూరు తీసుకెళ్ళాడు. దారిలో గొయ్యి వచ్చినప్పుడల్లా ఆ మోచెయ్యి కింద తన అరచెయ్యి పెట్టి కుదుపు ఆపాడు.

ఎముకల డాక్టరు చాందిని ఎక్స్‌రేను వెలుగుకు ఎత్తి చూపించింది.

“చూడండి బాబాయ్‌గారూ, ఈ చేతి ఎముక పైభాగం గుండ్రంగా ఉంది కదా, ఇది భుజం గూట్లో తిరగాలి. దీని కింద సన్నగా మెడలా ఉన్నచోట విరిగింది. ముక్కలు పక్కకి జరగలేదండి, ఆపరేషన్ అక్కర్లేదు. చేతికి స్లింగు వేస్తాను. మూడు వారాలయ్యాక రండి, మెల్లగా కదిలిద్దాం. ఎక్కువ రోజులు కట్టేసి ఉంచితే ఎముక అతుక్కుంటుంది గానీ కీలు బిగుసుకుపోతుందండి.”

“మళ్ళీ వల విసరగలనా అమ్మా?”

“ముందు చెయ్యి ఎత్తడం చూద్దామండి,” అంది ఆమె.

ఆ గడువు రాకముందే జగ్గారావు పోయాడు. ఒక ఉదయం దోనెలో చేరిన వాననీళ్ళు తోడుతూ, గుండె పట్టుకుని అక్కడే కూలిపోయాడు. పాడె లేపే వేళ ముత్యాలరావు ముందుకొచ్చి ఎడమ భుజం వంచాడు. భార్య పెద్దింటమ్మ అడ్డుపడింది.

“వద్దండీ. తూలిపడితే ఆ ఎముక మళ్ళీ విరుగుద్ది.”

“అన్నయ్యని నేను మొయ్యకపోతే ఎవరు మోస్తారే?”

ఊళ్ళోవాళ్ళు మోశారు. అతను పాడె వెదురును ఎడం చేత్తో తాకుతూ శ్మశానం దాకా నడిచాడు.

ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళలేదు. భార్య ఎంత బతిమాలినా స్లింగు తియ్యనివ్వలేదు. కదిపితే విరిగిపోతుందని భయమనేవాడు. భయం నిజమే. కానీ దోనె నడిపే మనిషే లేనప్పుడు ఈ చెయ్యి బాగుపడి ఏం లాభమన్న మాట కూడా లోపల ఉండేది. అది ఎవరితోనూ అనలేదు. చలికాలం వచ్చేసరికి చొక్కా తొడుక్కోవాలన్నా, తల దువ్వుకోవాలన్నా పెద్దింటమ్మ రావలసిందే.

ఒకరోజు వదిన వెంకటనరసమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది.

“ముత్యాలూ, మీ అన్న దోనె గట్టు మీద ఎండిపోతోందయ్యా. అమ్మెయ్యమంటావా?”

“అమ్మకండి వదినా.”

“మరి గెడ ఎవరేస్తారు?”

మర్నాడు ముత్యాలరావు తనంతట తానే ఏలూరు బస్సెక్కాడు.

చాందిని కోప్పడలేదు. కొత్త ఎక్స్‌రే చూసి, “ఎముక చక్కగా అతికిందండి. కీలు చుట్టూ ఉన్న పొర గట్టిపడింది, దాన్ని సాగదియ్యాలి. నొప్పి పుడుతుంది, అయినా మానకండి,” అంది. వ్యాయామాలు నేర్పే నాగదుర్గ, నడుం వంచి చేతిని వేలాడేసి ఊపడం, వేళ్ళను గోడ మీద పైకి పాకించడం చేసి చూపించింది.

ఇంట్లో పెద్దింటమ్మ వేడినీళ్ళ కాపడం పెట్టి, గోడ పక్కనే నిలబడేది. ఒకనాడు వేళ్ళు పాకిస్తూ పాకిస్తూ ముత్యాలరావు గోడకు నుదురు ఆనించి ఏడ్చాడు.

“నొప్పిగా ఉందా అండీ?”

“కాదే. అన్నయ్యని మొయ్యలేకపోయాను.”

అతను తేరుకునేదాకా ఆమె వీపు మీద చెయ్యేసి ఉంచింది.

ఎండాకాలం వెళ్ళి కొల్లేట్లో నీళ్ళు పెరిగేసరికి చెయ్యి భుజం ఎత్తుకు వచ్చింది. ఇక అంతకు పైకి రాకపోవచ్చని నాగదుర్గ మెల్లగా చెప్పింది. వల విసరడానికి అది చాలదు. గెడ వెయ్యడానికి చాలు.

ఇప్పుడు దోనె వెనక ముత్యాలరావు నిలబడతాడు. ముందు కూర్చుని పెద్దింటమ్మ నీళ్ళలో వల పరుస్తుంది. పడిన చేపల్లో సగం వదిన ఇంటికి వెళతాయి. చాలాసేపు గెడ వేస్తే భుజం సలుపుతుంది. అప్పుడు గెడను బురదలో దింపి, దానికి ఆనుకుని కాసేపు ఆగుతాడు. పెద్దింటమ్మ తొందరపెట్టదు.