మా అత్త ముందు తాగిన నీళ్లు

మా మేనత్త పోయిందని జాలరిపేట నుంచి ఫోనొచ్చేటప్పటికి నేను ప్లాంటులో డ్యూటీ మీదున్నాను. ఊరు వదిలేసిన మురుగుని తాగేనీళ్లుగా మార్చే ప్లాంటు మాది. మా పేటవాళ్లు ఇవాళ ఆ నీళ్లు తాగుతున్నారంటే అది ఇంజనీర్ల గొప్ప కాదు, నా గొప్ప అసలే కాదు.

అత్త బతుకంతా చేపలమ్మింది. బేరానికొచ్చినవాళ్లకి మొప్ప ఎత్తి చూపించేది. "సేప అబద్దమాడదమ్మా, అమ్మినోళ్లే ఆడతారు" అనేది. నిన్నటి చేపని ఇవాళ్టిదని ఒక్కనాడూ అమ్మలేదు. ఆ నోటికి పేటంతా జడిసేది, నేను మరీను.

కొన్నేళ్ల కిందట ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. ట్యాంకరు ఎప్పుడొస్తుందో దేవుడికే ఎరుక. మా ప్లాంటు నీళ్లిస్తామంటే మాత్రం వీధి వీధంతా ఛీ కొట్టింది. మీవాళ్లే కదా, నచ్చజెప్పమని ఆఫీసువాళ్లు నన్ను పంపారు. పరీక్షలూ గిరీక్షలూ అంటూ నేను ఉపన్యాసం మొదలెట్టానో లేదో, అత్త నెత్తిమీద గంప దించి అడిగింది.

"నువ్వు తాగుతన్నావేటి?"

నా సంచిలో ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్లసీసా ఉంది. రోజూ అవే తాగేవాణ్ణి. నా చేత్తో శుద్ధి చేసిన నీళ్లు నేనే ఏనాడూ నోట పెట్టలేదు. తల దించుకున్నాను.

"నువ్వు తాగనిది మాకు పోత్తావేటిరా?"

చెంప పగలగొట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి తనే ప్లాంటుకి వచ్చేసింది. ఒక చివర నల్లగా దిగుతున్న మురుగుని ముక్కు మూసుకుని చూసింది. నా వెనకే నడిచొచ్చి, రెండో చివర కుళాయి కింద గ్లాసు పట్టింది. చేపని చూసినట్టే ముందు వాసన చూసింది. తర్వాత గ్లాసుని వెలుతురుకెత్తి చూసింది.

"ఇది మడిసి సేసిన పనేనా?" అంది మెల్లగా.

ఏళ్లుగా అదే పని చేస్తున్న నాకు అప్పుడు ఒళ్లు జలదరించింది. ముందు నేను తాగాను, తర్వాత తను.

వేటకెళ్లే పడవలో పెట్టే నీళ్లని మా ఇళ్లలో ఆడవాళ్లు ముందు ఓ గుక్కెడు తాగి చూస్తారు. సముద్రం మీద నీళ్లు చెడితే వేరే దిక్కు లేదు. ఆ వారం అత్త తన ఒక్కగానొక్క కొడుకు డబ్బాలో మా ప్లాంటు నీళ్లు నింపింది.

"కొడుకుని సంపుకుంతావేటి వొదినా!" అని ఎదురింటావిడ కేకలేసింది.

అత్త అందరి ముందూ గుక్కెడు తాగి మూత బిగించింది. "నాను తాగినాను. ఆడూ తాగుతాడు."

బావ వేట మీదున్న ఆ మూడు రోజులూ ఆవిడకి ముద్ద దిగలేదు. అంత భయం కడుపులో పెట్టుకుని ఆ డబ్బా ఎలా ఇచ్చిందో, నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పడవ తిరిగొచ్చినప్పుడు ఒడ్డున ఎవరూ వలకేసి చూడలేదు. బావ నవ్వుతూ దిగాడు. అత్త మోకాటిలోతు నీళ్లలోకి నడిచి డబ్బా అందుకుని, అడుగున మిగిలిన నీళ్లు గలగలలాడించింది. ఎదురింటావిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుంది. అలల్లోకి దిగి, అత్త ముందు దోసిలి పట్టింది.