రాహుకాలంలో మౌస్ పట్టుకుని

మొన్న ఫోన్లో మీ అమ్మ చెప్పింది, ఆఫీసులో పొద్దంతా ఒకటే వాదనట. మనిషి ఏమీ నొక్కకుండా ఎంతసేపు కూర్చుంటే కంప్యూటర్లో పేజీ దానంతటదే మూసుకోవాలి, పావుగంటా, అరగంటా అని. ఆ గడువు పెట్టే పని మీ అమ్మదేనట. విని నవ్వాను గానీ పిల్లలూ, అలా మూసుకున్న పేజీ ముందు మేమిద్దరం కూర్చున్న రోజు సంగతి మీకెప్పుడూ చెప్పలేదు.

మీ అమ్మ ఇంజనీరింగు పరీక్ష రాసిన ఏడు అది. ఏ కాలేజీ కావాలో వరసగా కంప్యూటర్లోనే పెట్టుకోవాలి. ఆ రోజే ఆఖరు. మీ తాత ముందే చెప్పేశాడు: "సీటొచ్చిందా, చదువుకో. రాలేదా, నాతో చేనికి రా. ఇంకో ఏడు చదివించేకి నాతో కాదు." వానల్లేక వేరుశనగ ఎండిపోయిన ఏళ్లవి. ఆయన్ను తప్పు పట్టలేను.

పొద్దున్నే ఉరవకొండ బస్టాండు పక్కనున్న నెట్ సెంటరుకు పోయాం. అది నడిపే ఆయన మీ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, "ఊరికే వదిలేస్తే మూసుకుంటాదమ్మా, చూసుకో" అని వేరేవాళ్ల దగ్గరికి వెళ్లాడు. మీ అమ్మ ఒక్కో కాలేజీకి ఒక్కో అంకె వేసుకుంటూ పోయింది. అంతా అయ్యి సేవ్ నొక్కబోతుంటే నేను గోడ గడియారం చూశాను. శుక్రవారం, పదిన్నర దాటింది.

"ఆగు పాపా. రాహుకాలం. పన్నెండు కానీ."

"కంప్యూటర్‌కు రాహుకాలం ఏందిమా!"

"దానికి లేకపోతే పోనీ, నీకుండాది."

ఒకసారి సేవ్ నొక్కితే ఇక మార్చుకోలేమని మా ఇద్దరి నమ్మకం. పేజీ మూసుకోకుండా నేను కాస్తానని మౌస్ నా చేతిలోకి తీసుకున్నాను. ఉయ్యాల ఆగితే బిడ్డ లేస్తుందన్నట్టు తెర మీద ఆ బాణాన్ని అటూ ఇటూ ఊపుతూనే ఉన్నాను. చెయ్యి చెమట పట్టి జారేది. నీళ్లు తాగడానికి కూడా వదల్లేదు.

మీ అమ్మ ఉండబట్టలేక, ఇంకో జిల్లా కాలేజీలు చూద్దామని ఒకచోట నొక్కింది. తెర తెల్లబడింది. మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. అది కొట్టి లోపలికి పోతే గళ్లన్నీ ఖాళీ.

మీ అమ్మ ఏడవలేదు. నా మొహం చూసింది, అంతే.

నెట్ సెంటరాయన పరుగున వచ్చాడు.

"నేను ఆపకుండా తిప్పుతానే ఉంటినప్పా!" అన్నాను.

"తిప్పితే దానికేం తెలుస్తాదక్కా? టైము లెక్క చూసుకునే కంప్యూటరు హైదరాబాదులో ఉండాది. మనం నొక్కి పంపితేనే ఈడ మనిషి ఉన్నట్టు."

"అట్లెందుకు పెట్టినారు? మనుషులు ఆలోచన చేసుకోవద్దా?"

"నువ్వు లేసిపోయినాక నీ కుర్చీలో ఇంకొకడు కూచొని నీ బిడ్డ కాలేజీలన్నీ తారుమారు చేస్తే? అయినా సేవ్ ఎన్నిసార్లన్నా నొక్కొచ్చక్కా, చివర్న ఏదుంటే అదే లెక్క. బిరీన కానీయండి. పన్నెండుకు కరెంటు పోతాది. వచ్చేలోపల సైటు మూసేస్తారు."

మా ఊళ్లో కరెంటు కోత వేళ వేరు. ఇక్కడి వేళ నాకు తెలియదు. కరెంటు ఉన్నంతసేపూ రాహుకాలమే.

"నొక్కు పాపా," అన్నాను.

"ఏందిమా?"

"ఒక్కొక్కటీ వేసి నొక్కుకుంటా పో."

నొక్కిన ప్రతిసారీ, కీడేదైనా ఉంటే నాకే తగలనీ స్వామీ అని మొక్కుకున్నాను. కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను. పాతిక కాలేజీలు పడ్డాయో లేదో ఫ్యాను ఆగిపోయింది. తెర నల్లబడింది. ఆఖరిది పడిందో లేదో మీ అమ్మకూ తెలియదు.

సీటు సంగతి తెలిసేదాకా నాకు ముద్ద దిగలేదు. ఏ వేళలో నొక్కామో మీ తాతకు చెప్పవద్దని మీ అమ్మ దగ్గర ఒట్టు వేయించుకున్నాను.

సీటు వచ్చింది, వరసలో నాలుగో కాలేజీలో. మరుసటి రోజు మీ తాత మీ అమ్మను రమ్మనకుండా ఒక్కడే చేనికి వెళ్లాడు.