ఒక సున్న తక్కువ వీరుడు

ఆ రోజుల్లో మనిషి ముంజేతిని చూచి అతని చరిత్ర చెప్పవచ్చునని మా కృష్ణా డెల్టాలో ఒక నమ్మకం ఉండేది. నేను చెబుతున్నది హస్తసాముద్రికం సంగతి కాదు, పచ్చబొట్టు సంగతి. ఆడవారికి అది అలంకారం. దివిసీమలో మా నాయనమ్మ చేతుల మీద ఒక తులసికోట, ఒక చుక్కల వరస, ఒక తేలు ఉండేవి. (తేలెందుకని అడిగితే "కుట్టకుండా" అనేది. ఆ తర్వాత రెండు పర్యాయాలు తేళ్ళు కుట్టినా ఆమె నమ్మకం సడలలేదు.) మగవారి పచ్చబొట్టు వేరు. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సిపాయికి, తాలింఖానాలో కర్రసాము నేర్పే వస్తాదుకు తప్ప అది ఇతరులకు శోభించదు. అది ఉన్నవాడికి వీధిలో దారి ఇవ్వాలి, బస్సులో చోటు ఇవ్వాలి, పిల్లనిచ్చే విషయంలో మాత్రం కాస్త ఆలోచించాలి. గౌరవాన్నీ అనుమానాన్నీ ఒకే సూదితో పొడిచిన గుర్తు అది. అటువంటి గుర్తును పందొమ్మిదేళ్ళ వయస్సులో, లఘుగురువులు తప్ప మరే బరువులూ ఎత్తి ఎరుగని నేను కోరి పొడిపించుకున్నాను.

అప్పుడు నేను బందరులో (కాగితాల మీద మచిలీపట్నం, నోట్లో బందరు) భాషాప్రవీణ చదువుతున్నాను. కావ్యాలలోని యుద్ధవర్ణనలన్నీ కంఠస్థం. శరీరం మాత్రం సముద్రపు గాలికి గొడుగు విప్పితే గొడుగుతో పాటు నాలుగడుగులు వెళ్ళిపోయేటంతటిది. చదివిన వీరరసం ఎక్కడికీ పోలేక ఒంట్లో నిలవ ఉండిపోగా, ఒకనాడు మా పెద్దలకు తెలియకుండా చిలకలపూడి దారిలో ఉన్న ఒక తాలింఖానాలో చేరాను. అక్కడి వస్తాదును ఊరంతా సుబేదారు మావయ్య అని పిలిచేవారు. ఎవరికీ చుట్టం కాడు, అందరికీ మావయ్యే. బర్మా వైపు యుద్ధంలో పనిచేసి వచ్చాడని ప్రతీతి. కుడి ముంజేతి మీద అడ్డంగా ఒకదానిపై ఒకటి వేసిన రెండు కత్తుల పచ్చబొట్టు. "నేను లంగరులో పనిచేసినవాణ్ణి" అని అప్పుడప్పుడు అనేవాడు. రేవు పట్టణం వాళ్ళం కనుక, ఆ మాట వినగానే మా కళ్ళ ముందు ఒక మహానౌకా, దాని గొలుసు పట్టుకుని శత్రువుల మధ్య నిలిచిన మావయ్యా సాక్షాత్కరించేవారు.

దసరాకు మా తాలింఖానా ఊరేగింపులో కర్రసాము చూపేది. ముందు వరసలో కర్ర తిప్పే వాళ్ళందరి చేతుల మీద గదో, సింహమో, ఆంజనేయస్వామో పచ్చగా ఉండేవి. నేను వెనక వరసలో, డప్పుల వారికి కొంచెం ముందు ఉండేవాణ్ణి. (కర్ర తిప్పినప్పుడు ఒకటి రెండు సార్లు అది డప్పు మీద పడిన మాట వాస్తవమే.) వాళ్ళు ముందు వరసకు వెళ్ళింది కర్ర తిప్పడం వచ్చినందుకనీ, పచ్చబొట్టు ఆ తర్వాత వచ్చిందనీ నాకు తోచలేదు. తర్కశాస్త్రంలో కార్యకారణ సంబంధం గురించి అప్పటికే నాకు మంచి మార్కులు వచ్చి ఉన్నాయి.

పెడన సంతలో పచ్చబొట్లు పొడిచే ఒక ముసలావిడ ఉండేది. బొమ్మలయితే అందరికీ ఉంటాయి, పండితుణ్ణి కనుక నాకు అక్షరం కావాలనుకున్నాను. "వీర" అని ముత్యాల వంటి అక్షరాలతో కాగితం మీద వ్రాసి తీసుకువెళ్ళాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ త్రిప్పి చూచి, "నాకు చదువు రాదు బాబూ. గీత ఎట్టుంటే అట్టా పొడుస్తా. ఆనక నన్ననకూడదు" అన్నది. అని, చదువు రాని కారణాన, కుడి చివరనుంచి మొదలుపెట్టింది. రకారం వరకు నేను వీరుణ్ణే. గుడి దీర్ఘం దగ్గర కళ్ళు మూసుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన శబ్దాలకు ప్రక్కన గాజులు అమ్ముతున్నావిడ లేచి వచ్చింది.

"ఆడపిల్లలు పొడిపించుకుంటున్నారయ్యా, కిక్కురుమనకుండా! అంత మగాడివి, ఆ అరుపులేంటి?" అన్నదావిడ.

"అయిందా?" అని ముసలావిడను అడిగాను, కళ్ళు తెరవకుండా.

"అయినట్టే బాబూ. ఇదిగో, ఈ ఎడమపక్క మూల చిన్న సున్న ఒక్కటే ఉంది. ఒక్క నిమిషం ఓర్చుకో."

"సున్నే కదా, వదిలెయ్యి!" అని చెయ్యి లాక్కున్నాను.

వారం తర్వాత వాపు తగ్గింది, పొక్కు రాలింది. అక్షరాలు పచ్చగా, స్పష్టంగా, చిరస్థాయిగా వెలిశాయి. వకారానికి ఎడమ ప్రక్కన లోపలికి తిరిగే చిన్న చుట్టు ఒకటి ఉంటుందని, అది లేకపోతే ఆ అక్షరం బకారమవుతుందని ఒకటో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. నాకూ తెలుసు. నొప్పిలో మరిచాను. నా ముంజేతి మీద "బీర" అని ఉన్నది.

గదిలో నాతో పాటు ఉండే మా బావ దాన్ని ముందుగా చూశాడు. చాలాసేపు గంభీరంగా పరిశీలించి, "బాగుంది బావా. ఎడం చేతి మీద కాయ అని కూడా పొడిపించుకుంటే కూరకి సరిపోద్ది" అన్నాడు. ఆ సాయంత్రానికి వసతిగృహం అంతటా నా పేరు బీరకాయ. ఎవరైనా కొత్తవారు మీరిద్దరూ ఏమవుతారని అడిగితే, "ఏదో, బీరకాయ పీచు చుట్టరికం లెండి" అని వాడు నా చెయ్యి వైపు చూసేవాడు.

నవ్వులయితే భరించవచ్చును. ఆ సంవత్సరమే చదువు ముగిసి, గుడివాడ దగ్గర ఒక ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడిగా తాత్కాలికపు ఉద్యోగం దొరికింది. మూడు నెలల లోపు ఇన్‌స్పెక్టరుగారు వచ్చి పాఠం చూస్తారు, మెచ్చితే ఉద్యోగం ఖాయం. మెచ్చకపోతే దివిసీమకు వెళ్ళి మా పెదనాన్నగారి వెంట పౌరోహిత్యానికి తిరగాలని ఇంట్లో తీర్మానమైంది. పౌరోహిత్యం పట్ల నాకు అగౌరవం లేదు. కాని దానికి చొక్కా లేదు. ఉత్తరీయం ఒక్కటే. అవనిగడ్డ మొదలు నాగాయలంక వరకు ప్రతి పెండ్లిలోను, ప్రతి తద్దినంలోను కుడిచెయ్యి చాచి మంత్రం చెబుతూ నేను "బీర" అని ప్రకటిస్తూ ఉండాలి. చొక్కా ఉన్న బ్రతుకు కావాలంటే ఈ ఉద్యోగం నిలవాలి.

సున్నం, బెల్లం కలిపి పెడితే పచ్చబొట్టు పోతుందని ఎవరో చెప్పగా, ఆ వైద్యం చేయించుకుందామని సుబేదారు మావయ్య దగ్గరికి వెళ్ళి, చెయ్యి చూపి, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆయన నవ్వలేదు. తన ముంజేతిని వెలుతురులోకి చాపాడు.

"సరిగ్గా చూడు పంతులూ. ఏంటియ్యి?"

"కత్తులు."

"దగ్గరికొచ్చి చూడు. కత్తికి కొసన గిన్నుంటదా?"

చూశాను. మేము ఇన్నాళ్ళు కత్తిపిడులనుకున్నవి గుండ్రని గిన్నెలు. అవి గరిటెలు.

"లంగరంటే మిలిటరీలో వంటసాలరా. నేను మొదట్నించీ లంగరనే చెప్తన్నా. మీ బందరోళ్ళే ఓడ తెచ్చి తగిలించారు. వంటోళ్ళం పదిమందిమి ఒకేరోజు పొడిపించుకున్నాం, సరదాకి. సుబేదారని కూడా నేనన్లేదు."

"మరి ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదేం మావయ్యా?"

"అడిగినోడు లేడు. అడిగితే చెప్పేవోణ్ణి. సున్నం పెట్టి చెయ్యి కాల్చుకోమాక. దాస్తే దొంగ గుర్తయిపోద్ది. ఎవడన్నా అడిగాడనుకో, చెయ్యి పైకెత్తి, ఇదీ సంగతని నువ్వే ముందు చెప్పెయ్."

సలహా శిరోధార్యమే. కాని ధైర్యం చాలక, ఉద్యోగంలో చేరిన మొదటి దినమే చేతికి గుడ్డ కట్టుకుని వెళ్ళాను. నా లాల్చీ చేతులు వదులు. బోర్డు మీద వ్రాయడానికి చెయ్యి ఎత్తితే మోచేతి దాకా జారేవి. అడిగినవారికి కురుపన్నాను. రెండున్నర నెలలు మానని కురుపు లోకంలో లేదని తర్వాత తెలిసింది. పిల్లలు ప్రతి ఉదయం "తగ్గిందాండీ?" అని అడిగేవారు. ఒక తల్లి వేపాకు నూరి పంపింది. హెడ్మాస్టరుగారు మాత్రం అడగలేదు. ఆయన క్రైస్తవులు, మితభాషి, ఇస్త్రీ మడత చెదరని మనిషి. ఒకసారి బజారులో ఒక సిపాయి చేతిని చూచి, "ఒంటిమీద గుర్తులు పొడిపించుకోకూడదని మా గ్రంథంలోనే ఉందండీ" అన్నారు. ఆనాటి నుంచి గుడ్డను రెండు మడతలు చేశాను.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. తెల్లని మీసాలు, చేతిలో కర్ర. వెనక బల్ల మీద హెడ్మాస్టరుగారితో కూర్చుని, "ప్రకృతి, వికృతి చెప్పండి" అన్నారు. నా విద్యార్థులకు నేను ఒక అలవాటు నేర్పి ఉన్నాను: నా చెయ్యి ఏ పదం దగ్గర ఆగితే ఆ పదాన్ని అందరూ ముక్తకంఠంతో చదవాలి. బోర్డు పైభాగాన "వికృతి" అని వ్రాసి, చెయ్యి అక్కడే నిలిపి వెనక్కి తిరిగాను. చెమటకు ముడి వదులై, గుడ్డ మెత్తగా నేలమీద పడింది. నలభై గొంతులు, రెండున్నర నెలల శిక్షణ ఫలితంగా, ఒక్కటై పలికాయి:

"బీర!"

ఇన్‌స్పెక్టరుగారు లేచి వచ్చి, కళ్ళద్దాలు సవరించుకున్నారు. "ఏమిటండీ పండితులుగారూ ఇది? సంతకు వెళ్ళినప్పుడు మరిచిపోకుండానా?"

నాకు నాగాయలంక కనిపించింది. దానితో పాటు ఎందుకో రెండు గరిటెలు కూడా కనిపించాయి. దించబోయిన చెయ్యిని మళ్ళీ ఎత్తాను. "చిత్తం. తాలింఖానా మోజులో వీర అని పొడిపించుకోబోయానండి. నొప్పికి తాళలేక, చివరి సున్న వదిలెయ్యమన్నాను. అయితే పాఠానికి అడ్డేమీ లేదండి. సంస్కృతపు వీరం తెలుగులోకి దిగితే బీరమే అవుతుంది. ప్రకృతి కాగితం మీద ఉండిపోయింది. వికృతి నా చేతికి వచ్చింది."

"బాగుంది. బీరమంటే శౌర్యమే. కాని ఉత్త ప్రగల్భాలకు కూడా బీరాలనే అంటాం కదా? మీది ఏదండీ?"

"సూది దిగేవరకు మొదటిదనుకున్నానండి. దిగాక రెండోదని తెలిసింది."

ఆయన మీసాలు ముందు కదిలాయి, తర్వాత భుజాలు, తర్వాత కర్ర. తరగతి ఆయన వైపు ఒక్క క్షణం చూచి, అనుమతి లభించినట్లుగా విరగబడి నవ్వింది. హెడ్మాస్టరుగారు నవ్వలేదు. క్రింద పడిన గుడ్డను తీసి, మడతపెట్టి, నా చేతికిచ్చారు. సాయంత్రం మాత్రం పిలిచి, "అది తప్పేనండీ మాస్టారూ. కాకపోతే వ్యాకరణం వచ్చినవాడు చేసిన తప్పు. మీ ఉద్యోగం ఖాయం చెయ్యమని రాసి పంపారు ఇన్‌స్పెక్టరుగారు. ఇహ ఆ కురుపు కబుర్లు మానెయ్యండి. పిల్లలు ప్రార్థనలో మీ చెయ్యి తగ్గాలని కూడా అడుగుతున్నారు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం కిటికీ వైపు త్రిప్పుకున్నారు. ఇస్త్రీ చొక్కా మాత్రం వెనకనుంచి అదురుతూ ఉన్నది.

ముప్పైయేళ్ళకు పైగా ఆ చుట్టుపక్కల పాఠశాలల్లోనే తిరిగాను, గుడ్డ లేకుండా. ప్రకృతి వికృతుల పాఠం నా దగ్గర చదివినవాడెవడూ మరిచిపోలేదని చెబుతారు. సుబేదారు మావయ్యకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన మెచ్చుకుని, మా పెళ్ళికి తానే వచ్చి వంట చేశాడు. ఆ పప్పు తిన్న దివిసీమ వాళ్ళు, ఓడలో పనిచేసినవాడికి ఇంత చెయ్యి ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయారు.

మొన్న గుడివాడలో మా మునిమనుమరాలు, కొత్తగా అక్షరాలు కూడబలుక్కుంటున్నది, నా ఒళ్ళో కూర్చుని నా చెయ్యి తీసుకుంది. చర్మం ఇప్పుడు నిజంగానే బీరకాయ తొక్క అయింది. పచ్చబొట్టు అలుక్కుపోయింది. ఎడమవైపు మూలన ఒక ముడత గుండ్రంగా తిరిగి, లోపలికి చుట్టుకుని ఉన్నది. నేను గమనించలేదు. ఆ పిల్ల చిన్న వేలితో ఆ చుట్టు వెంట నెమ్మదిగా వ్రాస్తూ, "వీ... ర" అని చదివింది. గొడుగు విప్పడానికి కూడా తోడు కావలసిన వయస్సులో వీరుణ్ణయ్యాను. "కదలకు తాతయ్యా, ఒక్క నిమిషం, ఇంకోసారి" అన్నది. ఈసారి చెయ్యి లాక్కోలేదు.