ఎద్దు పళ్ళు చూసే ఇస్సాకు

చెరుకుపల్లి పశువుల ఆసుపత్రిలో ఇస్సాకు కాంపౌండరు. ఏడాది పొడుగునా ఆయన్ని "ఏమోయ్ ఇస్సాకూ" అని పిలిచే పెద్ద రైతులు ఒక్క రోజు మాత్రం "ఇస్సాకు గారూ, ఇలా దయచేయండి" అనేవాళ్ళు. అది ఎడ్ల బండలాగుడు పోటీల రోజు.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల్లో, జనం విరగబడేది పళ్ళ విభాగాలకే. గిత్తకి పాలపళ్ళు ఊడి అసలు పళ్ళు రెండేసి చొప్పున వస్తాయి. రెండు పళ్ళ జతలు ఒక విభాగం, నాలుగు పళ్ళవి మరొకటి, దాన్ని బట్టే బండ బరువు. ఎన్ని పళ్ళొచ్చాయో నోట్లో వేలు పెట్టి చెప్పేది ఇస్సాకు. అవతలి రైతు కూడా చూసుకోవచ్చని నియమం ఉంది గానీ, పదేళ్ళలో ఎవరూ చూసుకోలేదు. ఆయన చెప్పాక మళ్ళీ చూడడమంటే ఆయన్ని అనుమానించినట్టే.

ఎనభై ఆరులో ఏం జరిగిందంటే, పోటీల పెద్ద ప్రకాశరావు పొద్దున్నే కబురు పెట్టి ఇస్సాకుని ఇంటికి పిలిపించాడు. ఎన్నేళ్ళుగానో ఆ ఇంటి గొడ్లకి సూదులు వేస్తున్నా ఇస్సాకు ఎప్పుడూ వాకిట్లోంచే తిరిగి వెళ్ళేవాడు. ఆ రోజు హాల్లో తన పక్కన కుర్చీ వేయించి, పెసరట్టు పెట్టించి, వచ్చినవాళ్ళందరితో "మన ఇస్సాకు గారు" అన్నాడు ప్రకాశరావు. అంతే. ఫలానా పని చేసిపెట్టమని నోరు తెరిచి అడగనే లేదు. పెసరట్టుకి అమ్ముడుపోయాడని ఎవరైనా అంటే నవ్వొస్తుంది. అమ్ముడుపోయింది పెసరట్టుకి కాదు మహానుభావుడు, ఆ కుర్చీకి.

మధ్యాహ్నం రెండు పళ్ళ విభాగంలో ఇక లాగాల్సినవి రెండే జతలు. ఒకటి ప్రకాశరావుది. రెండోది పెనుమూడి పున్నయ్యది. పున్నయ్య చిన్న రైతు, ఆ గిత్తల్ని బిడ్డల్లా సాకినవాడు. బండ కట్టే ముందు ఇస్సాకు ప్రకాశరావు గిత్త నోట్లో వేలు పెట్టాడు. మూడో పన్ను మొన చిగురు చీల్చుకుని వేలికి గుచ్చుకుంది. అది నాలుగు పళ్ళ విభాగానికి వెళ్ళాల్సిన గొడ్డు. వేలు బయటికి తీసి తుండుగుడ్డతో తుడుచుకుంటూ, "రెండు పళ్ళేనండి" అన్నాడు.

"పున్నయ్యా, నువ్వు కూడా చూసుకోవయ్యా!" అని జనంలో ఎవరో అరిచారు.

"ఆయన చూశాక నేను చూసేదేంటండి?" అన్నాడు పున్నయ్య.

పున్నయ్య జత పదడుగుల తేడాతో ఓడిపోయింది. ఇస్సాకు ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. భార్య అన్నమ్మ "ఒంట్లో బాగోలేదా?" అంటే, "సిగ్గుగా ఉందే" అనలేక తలనొప్పి అన్నాడు.

సంగతి దాగలేదు. రెండు వారాలకే ఆ గిత్తకి నాలుగో పన్ను కూడా బయటపడింది. "పళ్ళు ఎవరికి కావాల్సినట్టు వాళ్ళకి మొలుస్తున్నాయట" అని ఊళ్ళో నవ్వుకున్నారు. మరుసటేడు పై ఊళ్ళ జతలు సగం రాలేదు. తొంభైలు వచ్చేసరికి బాపట్ల వైపు కాలవ కట్టల మీద ఓపెన్ పందేలు మొదలయ్యాయి. పళ్ళు చూడరు, కమిటీ లేదు, ఎడ్లని తోలే కర్ర చివర మేకు ఉన్నా అడిగే నాథుడు లేడు. జనం లారీలెక్కి అటే పోయారు. కాలం మారిందని అందరూ అన్నారు. నిజానికి ఒక్క మనిషి అబద్ధానికి లోకం మారదు. అయినా మేకు గుచ్చిన గాయాలతో గొడ్డు ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా, మందు రాస్తూ ఇస్సాకు ఆ పాపం తనదే అనుకునేవాడు.

రిటైరైన ఏడాది, తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కితే ఎదురు సీట్లో పున్నయ్య కనబడ్డాడు. పదేళ్ళు తప్పించుకు తిరిగిన ముఖం. భట్టిప్రోలు దాటాక ఇస్సాకు ఇక ఆగలేకపోయాడు.

"పున్నయ్య గారూ, ఆ రోజు నేను అబద్ధం చెప్పానండి. మూడో పన్ను నా వేలికి తగిలింది."

"తెలుసండి," అన్నాడు పున్నయ్య. "పొద్దున కాలవ దగ్గర నీళ్ళు తాగించేటప్పుడే ఆ గిత్త నోరు చూశాను."

"మరి అక్కడ ఎందుకు చెప్పలేదండి?" అన్నాడు ఇస్సాకు.

"అంతమంది ముందు మీరు అబద్ధమాడారని తేలితే, ఇక ఏ ఇంటి వాకిట్లోకీ రానిచ్చేవాళ్ళు కాదండి మిమ్మల్ని. నాదేముంది, ఒక్క పందెం."

రేపల్లె వచ్చింది. పున్నయ్య సంచీ అందుకుని, "వస్తానండి కాంపౌండరు గారూ" అని దిగి వెళ్ళాడు. ఇస్సాకు మాత్రం బోగీ అంతా ఖాళీ అయ్యేదాకా తల ఎత్తలేదు.