సప్పుడు చేయని ఇంటి సినిమా

నేను ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు మా లెక్కల సారు కళ్లు తుడుచుకున్నాడు. బాధతో అనుకునేరు, కాదు. బడికి పట్టిన పీడ ఇంత తొందరగా వదులుతుందని ఆయన అనుకోలేదు. ఆ సారు ఇప్పుడుంటే బాగుండేది. మొన్న రుద్రారం స్టాపులో నిలబడి ఫోన్లో మా ఆవిడకు బస్సు రాలేదనీ, దాన్ని నేను దాచిపెట్టుకోలేదనీ విన్నవించుకుంటుంటే, పక్కనున్న కాలేజీ పిల్ల ఒకతి నన్నే చూసి చూసి, "అంకుల్, మీ గొంతు మా క్లాసులో విన్నాం" అంది. వాళ్లకు బొమ్మల సినిమాలు తీయడం మీద ఒక పాఠం ఉందట. ఆ పాఠంలో ఒక చిన్న సినిమా వేసి చూపించారట. అందులో పొద్దుపొద్దున్నే సైకిలు పట్టుకుని మాట్లాడే మనిషి గొంతు అచ్చం నాలాగే ఉందట. అది నేనే అన్నాను. బడికి సరిగ్గా పోనివాణ్ణి కాలేజీకి పాఠమయ్యాను, నన్ను చదివి పరీక్షలు రాసే పిల్లలు తయారయ్యారు. ఈ ఘనకార్యం ఫోన్లోనే మా ఆవిడకు చెబితే, "అందుకే గా పోరగాండ్లకు నౌకర్లు దొరుకుతలేవు" అని పెట్టేసింది.

ఆ సినిమా తీసింది మా అన్న కూతురు. తీసింది అనకూడదట, గీసింది అనాలట. ఏదైతేనేం, నన్ను మాత్రం పీల్చి పిప్పి చేసింది. ఆ గోల చెప్పాలంటే ముందు మా ఇంటి గోల చెప్పాలి. మాది పటాన్‌చెరు దాటి లోపలికి పోతే వచ్చే పల్లె. మా నాయన జొన్నలు వేసిన చెలకల్లో మా కాలానికి పొగగొట్టాలు మొలిచాయి. అన్న ఒక మందుల ఫ్యాక్టరీలో చేరాడు, నేను దానికి ఎదురుగా పైపుల ఫ్యాక్టరీలో చేరాను. రెండింట్లోనూ మూడు షిఫ్టులు, వారం వారం మారేవి. అందుకని మా ఇంట్లో ఏ పట్టపగలు చూసినా ఎవడో ఒకడు నైటు చేసొచ్చి పడుకుని ఉండేవాడు. నైటు చేసిన మనిషిని లేపకూడదన్నది మా అమ్మ పెట్టిన చట్టం. ఇల్లు అంటుకున్నా ముందు నీళ్లు పోయాలి, తర్వాతే లేపాలి. కుక్కరు కొన్న కొత్తలో మా వదిన దాన్ని పెరట్లోకి మోసుకుపోయి, మూడు రాళ్ల మీద పెట్టి, విజిలు వచ్చేలోపు తడిగుడ్డ పట్టుకుని కాపలా కూర్చునేది. పొద్దెక్కాక కూడా కూసే అలవాటున్న పుంజు ఒకటుంటే దాన్ని కోసుకు తిన్నాం, కూర బాగుందని కాదు, కూతకు శిక్షగా. కూరగాయల ముసలామె మా గడప ముందుకు రాగానే నోరు మూసుకుని, గడప దాటాక "వంకాయలో" అని మిగతా కేక వేసేది.

పిల్లల అవస్థ ఇంకా చెప్పుకోవాలి. అన్న కూతురు, మా పోరడు వాకిట్లో గుసగుసలతో కబడ్డీ ఆడేవాళ్లు. కూత గొంతులోనే పెట్టాలి. మోకాలు చీరుకుపోతే ఏడవాలన్నా వెనక వాగు దాకా పోయి, అక్కడ తృప్తిగా ఏడ్చి, కళ్లు తుడుచుకుని రావాలి. బళ్లో వేసిన ఏడాది టీచరమ్మ మా వదినను పిలిపించి, పిల్ల మూగదా అని మెల్లగా అడిగిందట. మూగది కాదమ్మా, మా ఇంట్లో షిఫ్టులున్నాయి అని వదిన అంతకంటే మెల్లగా చెప్పి వచ్చింది.

ఇంతటి సప్పుడు లేని ఇంట్లో రోజుకు ఒక్కసారి మాత్రం గొంతులు వినపడేవి. ఫ్యాక్టరీలో ఒక పద్ధతుంది. డ్యూటీ దిగేవాడు ఊరికే దిగకూడదు. ఎక్కేవాడు వచ్చేదాకా ఆగి, మిషను ఎలా ఉంది, ఏది వేడెక్కింది, ఏది కారుతోంది, అంతా నోటితో అప్పజెప్పాలి. దాన్ని చార్జి ఇవ్వడం అంటారు. ఆ అలవాటు మాకు ఇంట్లో కూడా అంటుకుంది. అన్నకు నైటు, నాకు పొద్దుటి షిఫ్టు పడిన వారాల్లో, ఇంకా తెల్లారకుండానే గడప దగ్గర ఆయన సైకిలు దిగేవాడు, నేను ఎక్కేవాణ్ణి. ఉన్నది ఒక్క సైకిలే. అది చేతులు మారేలోపు నేను ఇంటి చార్జి ఇచ్చేవాణ్ణి. అమ్మ తిన్నది, బర్రె పాలు ఎగ్గొట్టింది, పాప దగ్గింది. ఆయన బయటి చార్జి ఇచ్చేవాడు. తోవలో మంచు ఉంది, గేటు దగ్గర కొత్త సెక్యూరిటీ ఉన్నాడు, టోపీ లేనివాణ్ణి చూస్తే మీసం దువ్వుతాడు. అంతే, ఆయన లోపలికి, నేను బయటికి. ఆ పాప, అంటే అన్న కూతురు, మా మాటలకు లేచి, కళ్లు తెరవకుండా పడుకుని వినేదట. ఇల్లు నడుస్తున్నదని దానికి అప్పుడే నమ్మకం కుదిరేదట. ఇది మాకెవరికీ తెలియదు.

అలాంటిది ఒక దసరాకు మా మాటలు ఆగిపోయాయి. దసరా నాడు సాయంత్రం చిన్నవాడు జమ్మి ఆకు తెచ్చి పెద్దవాడి చేతిలో పెట్టి కాళ్లు మొక్కాలి కదా. ఆ రోజు నాకు మధ్యాహ్నం షిఫ్టు, ఆయనకు నైటు. మా ఫ్యాక్టరీ కొలిమికి దసరా లేదు, ఉగాది లేదు. అన్న కొత్త చొక్కా వేసుకుని, వాకిట్లో కుర్చీ వేసుకుని, ఊరంతా వచ్చి జమ్మి పెట్టిపోతుంటే నా కోసం చూసి చూసి డ్యూటీకి పోయాడు. నేను వచ్చేసరికి కుర్చీ ఒక్కటే ఉంది. తెల్లారి నేను లేచేసరికి ఆయన వచ్చి పడుకున్నాడు, మధ్యాహ్నం నేను డ్యూటీకి బయల్దేరేదాకా లేవలేదు. జమ్మి పట్టుకుని మంచం పక్కన నిలబడ్డాను. లేపితే అమ్మ ఊరుకోదు. లేపకుండా కాళ్లు మొక్కి, ఆకు దిండు పక్కన పెట్టి డ్యూటీకి పోయాను. ఆయన లేచి చూసుకుని, చేతిలో పెట్టాల్సింది తలకాడ పడేసి పోతాడా, నేనేమన్నా పీనుగునా అన్నాడట. ఆ మాట నాకు అమ్మ చేరవేసింది. లేపితే తప్పు, లేపకపోతే తప్పు, మరి నిద్రలో చెయ్యి చాపి పడుకోమను అని నేనన్నాను. అదీ అమ్మే చేరవేసింది. మా అమ్మ ఏ మాటనూ మధ్యలో పోగొట్టదు.

ఇందులో తమాషా ఏమిటంటే, మేం మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఇంట్లోవాళ్లకు తెలియడానికే కొన్ని నెలలు పట్టింది. షిఫ్టులు కలవక అనుకున్నారు. షిఫ్టులు కలిసిన వారం కూడా గడప దగ్గర సైకిలు గోడకు ఆనించి ఉండటం, ఒకడు పెరటి దోవన రావటం, ఒకడు వాకిటి దోవన పోవటం చూశాక అర్థమైంది. ఆడవాళ్లిద్దరూ ఎప్పటిలాగే ఒకే పొయ్యి మీద వండారు, పిల్లలు ఒకే కంచంలో తిన్నారు. మేమిద్దరమే, మా గౌరవాలు చంకలో పెట్టుకుని, దాదాపు పదేళ్లు అలా తిరిగాం. ముందు ఆయన మాట్లాడాలి అని నేను, వాడే రావాలి అని ఆయన. రెండో సైకిలు కూడా అందుకే కొన్నాం.

ఆ పదేళ్లలో పిల్ల పెద్దదై, అమీర్‌పేటలో బొమ్మలకు నడక నేర్పే కోర్సులో చేరింది. కంప్యూటరు మీద బొమ్మ చెయ్యి ఎత్తాలంటే ఒక పూట, దించాలంటే ఇంకో పూట. నేనైతే ఆ చేతిని జేబులో పెట్టి వదిలేసేవాణ్ణి. కోర్సు చివర ప్రతివాళ్లూ ఒక చిన్న సినిమా చేసి చూపించాలట. ఇది మా ఇంటినే పెట్టుకుంది. కుక్కరు ముందు తడిగుడ్డతో వదిన, గుసగుస కబడ్డీ, సగం కేక వేసే ముసలామె, అన్నీ గీసింది. వెనక వాగును ఇటుకరాయి రంగులో వేస్తే వాళ్ల సారు నీళ్లు నీలంగా ఉండాలన్నాడట. మా వాగు నీలంగా ఉన్న రోజు మేం చూడలేదు సార్ అందట ఇది. సినిమా అంతా సప్పుడు లేకుండానే పోతుంది. చివరికి గడప దగ్గర మాటలు మాత్రం వినపడాలి, అవి లేకుంటే సినిమాయే లేదన్నాడట ఆయన. దానికీ కావలసింది అదే. కానీ ఇద్దరం పక్కపక్కన నిలబడి చెప్పమంటే చెప్పే రకం కాదని దానికి తెలుసు. అందుకని ఒక కుట్ర పన్నింది. కుట్రలో మా అమ్మ కూడా ఉంది.

ఒక ఆదివారం నన్ను స్నానాల గదిలోకి పంపి, చుట్టూ బొంతలు కట్టి, మైకు చేతికిచ్చింది. ఫ్యాను ఆపింది, నల్లా కట్టేసింది, ఊపిరి కూడా కొంచెం తగ్గించుకోమంది. చెప్పాల్సింది రెండు ముక్కలు. "రాత్రి పాప దగ్గింది, మందు పట్టినం. బువ్వ మూతవెట్టి ఉన్నది, తిని పండుకో." ఎవరితో అని అడిగితే, చిన్నమ్మతో చెప్పినట్టు చెప్పు కాకా అంది. చెప్పాను. మళ్లీ అంది. మళ్లీ చెప్పాను. బయట కుక్క మొరిగింది, మళ్లీ అంది. మధ్యలో నేను ఒక జోకు కలిపాను, అది తీసేసి మళ్లీ అంది. చెమటకు బొంతలు తడిసి, నేను ఉడికిన కందగడ్డలా బయటికి వస్తే, "జెర గొంతు కోపంగున్నది, ఇంకొక్కసారి" అంది. కోపం రాక ఏం వస్తుంది? ఆ మధ్యాహ్నమే మా అన్నను కూడా అదే గదిలో పెట్టిందనీ, పొద్దున నువ్వు నన్ను కాలేజీకి పంపేటప్పుడు చెప్పినట్టు చెప్పు బాపూ అని ఆయనతో ఇంకో ముక్క చెప్పించిందనీ నాకు తెలియదు. బొంతలు ఇంకా తడిగా ఎందుకున్నాయని ఆయన అడిగాడట. నానబెట్టామని మా అమ్మ చెప్పిందట.

సినిమా చూపించే రోజు అందరం అమీర్‌పేట పోయాం. ఇద్దరికీ ఒకే రోజు సెలవు దొరకడానికి మా సూపర్‌వైజరుకు నేను లేని జ్వరాన్ని వర్ణించి చెప్పాల్సి వచ్చింది. హాల్లో అన్న ఆ పక్కన, నేను ఈ పక్కన, మధ్యలో మా అమ్మ, వెనక వరసలో ఆడవాళ్లు, పిల్లలు. దీపాలు ఆర్పారు. వదిన బొమ్మ తడిగుడ్డతో కనపడగానే హాలంతా నవ్వింది, వదిన తప్ప. కబడ్డీ వచ్చింది, వాగు వచ్చింది. చివర్లో గడప వచ్చింది. తెల్లారకముందు మసక చీకటి, ఇద్దరు మనుషులు, మధ్యలో సైకిలు. మొహాలు లేవు, చీకట్లో ఆకారాలే. అప్పుడు నా గొంతు వినపడింది. మా ఆవిడతో నేను ఏ గొంతుతో మాట్లాడితే ఇంట్లో నాకు బువ్వ పుడుతుందో, అంత మెత్తటి గొంతు. "తిని పండుకో" అని మా అన్నతో అంటోంది. దానికి జవాబుగా, కూతురిని సాగనంపే మా అన్న గొంతు వచ్చింది. "మఫ్లర్ గట్టుకో, మంచు వడుతున్నది. పైలంగ పో." నా జన్మలో మా అన్న నాతో అంత మెత్తగా మాట్లాడింది లేదు, నేనూ మాట్లాడింది లేదు. మాకు చార్జి ఇచ్చుకోవడమే తెలుసు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుంది. రెండో చేత్తో ఎవరి చెయ్యి పట్టుకుందో నేను చూడలేదు.

దీపాలు వెలిగాయి, చప్పట్లు కొట్టారు. పిల్ల మా ముందుకొచ్చి నిలబడింది. దాని కళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు. మా అన్న గొంతు సవరించుకుని, తెర వైపే చూస్తూ అన్నాడు.

"ఆ రాత్రి దగ్గింది పాప గాదు. మీ పోరడు."

ఇంతమంది నన్ను చూస్తుండగా ఊరుకుంటే బాగుండేది. కానీ తప్పుడు మాట కదా.

"పాపనే. మందు వట్టింది నేను. నువ్వు డ్యూటీల ఉంటివి, నీకేం ఎర్క?"

"తెల్లారి నాకు చార్జి ఇచ్చింది నువ్వే గాదు? పోరడని జెప్పినవ్."

"పాపని జెప్పిన. నీకు నిద్రల ఇనవడలే."

అంతే, మొదలైంది. హాలు మెట్ల మీద, రోడ్డు మీద, బస్సులో కూకట్‌పల్లి, మియాపూర్ దాటేదాకా దగ్గింది ఎవరన్నదే. కండక్టరు టికెట్లు ఎన్ని అని అడిగితే ఇద్దరం ఒకేసారి, నేను పాప అని, అన్న పోరడు అని అంటే ఆయన విసుక్కున్నాడు. పదేళ్ల మాటలు ఆ దగ్గు మీదే తీర్చుకున్నాం. మా అమ్మ బీహెచ్ఈఎల్ చౌరస్తా దగ్గర చెవులు మూసుకుని, "ఇన్నేండ్లు నోర్లు మూసుకుంటే నా పానం ఎంత హాయిగుండె" అని మా వదినతో అంది. ఆ ఏడాది దసరాకు ఆయన నైటు చేసొచ్చి పడుకుంటే, తట్టి లేపి మరీ జమ్మి చేతిలో పెట్టాను. దీవించడం తర్వాత, నిద్ర చెడగొట్టానని ముందు తిట్టాడు. ఇద్దరం రిటైరయ్యాం, ఇప్పటికీ దగ్గు సంగతి తేలలేదు.

రుద్రారం స్టాపులో ఆ కాలేజీ పిల్ల మాట విన్నాక నాకు ఆ సినిమా మళ్లీ చూడబుద్ధయి, మొన్న ఆదివారం అన్న కూతురు వస్తే దాని ఫోన్లోనే పెట్టించుకుని చూశాను. వదిన మొహం గీశావు, కూరగాయల ముసలామె పళ్లు కూడా ఒక్కొక్కటిగా గీశావు, నీ సొంత కాకకూ, కన్నతండ్రికీ మొహాలు లేకుండా చీకట్లో నిలబెడతావా, మా ముక్కులు అంత అన్యాయంగా ఉన్నాయా అని దాన్ని ఆటపట్టించాను. అది నవ్వుతుందనుకున్నాను. ఫోన్ తీసుకుని బ్యాగులో వేసుకుంది.

"మీరిద్దరు మాట్లాడుకునేటప్పుడు మీ మొఖాలు ఎట్లుండెనో యాది జేసుకుందామని మస్తు సూసిన కాకా, రాలే. మీరు మాటలు బంద్ వెట్టినప్పుడు నేను చిన్నగుంటి. ఇప్పుడు గియ్యమంటే గీస్త గని, ఇవి ముసలి మొఖాలు. గా గడపల నిలవడ్డోళ్లయి గావు."