గొడవకు పట్టుకెళ్లిన బిస్కెట్ల డబ్బా

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, తన కొడుకును తోటి పిల్లలు ఫోన్లలో ఏడిపిస్తున్నారని మొరపెట్టుకుంది. ఒక పెద్దమనిషి వెంటనే, 'పిల్లలన్నాక మామూలే, లైట్ తీసుకోండి' అని జవాబిచ్చాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాంటి మాట చెవిన పడ్డప్పుడల్లా మా అమ్మ గుర్తొస్తుంది.

కొన్నేళ్ల కిందటి మాట. మేం నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో ఉండేవాళ్లం. మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి. దానికి కాస్త నత్తి ఉన్నా ఇంట్లో వాగుడుకాయే. స్కూల్ ఫంక్షన్ రిహార్సల్‌లో మాట అడ్డుపడి అది అవస్థ పడుతుంటే, పక్క బెంచీ పిల్ల వీడియో తీసి, డప్పుల చప్పుడు కలిపి క్లాసు గ్రూపులో పెట్టింది. సాయంత్రానికల్లా మా పిల్ల మొహం స్టిక్కరైపోయింది. ఆ రోజు నుంచి నోరు విప్పలేదు, స్కూలుకు వెళ్లలేదు. అన్నంలోకి ఉప్పు కావాలన్నా వేలితో చూపించేది. వదిన హడలిపోయి దాని ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. అదే మంచిదని మేమంతా తలలూపాం. వారం గడిచాక అమ్మకు రేగింది.

"ఏంది గిది? తప్పు జేసినోళ్లు మంచిగున్నరు, మన పిల్లకు సజానా? దాని ఫోన్ దానికియ్యి" అంది. మనవరాలి వైపు తిరిగి, "వాళ్లింటికి పోదాం. నువ్వొస్తవా బిడ్డా? నువ్వు రానంటే నేను గూడ పోను" అంది. ఆ పిల్ల తలూపింది.

మా సందులో ఒక ఆనవాయితీ ఉండేది. పిల్లలు కొట్టుకుంటే, దెబ్బ తిన్న పిల్ల తాలూకువాళ్లు చాయ్ వేళకు అవతలివాళ్లింటికి వెళ్లి కూర్చుంటారు. ఇచ్చిన చాయ్ మాట తేలేదాకా ముట్టరు. వీడియో తీసిన అమ్మాయి వాళ్ల ఇల్లు హిమాయత్‌నగర్‌లో, నాన్నకు ఆబిడ్స్‌లో చీరల దుకాణం. నేనూ వాళ్ల వెంట బయల్దేరాను. అమ్మ దారిలో ఆటో ఆపించి ఉస్మానియా బిస్కెట్లు కొంది. గొడవకు పోతూ ఇవెందుకమ్మా అంటే, "ఒకరింటికి ఉత్త చేతులతోటి ఎట్ల పోతమే?" అని నన్నే కసిరింది. ఆ డబ్బా చూసి ఇంటావిడ నవ్వుతూ ఎదురొచ్చి, ఏదైనా శుభవార్తా అని అడిగింది!

చాయ్‌లొచ్చాయి. సంగతి విన్నాక ఆ అమ్మాయి నాన్న, "పిల్లలు కదమ్మా, ఏదో సరదాకి..." అన్నాడు.

"ఔ సార్, పిల్లలే. గందుకే గిప్పుడే చెప్పాలె" అని, అమ్మ ఆ అమ్మాయిని చూసింది. "గంత నవ్వొచ్చిందా బిడ్డా? అయితే గీడ నవ్వు, మా ముందట."

ఆ అమ్మాయి తల వంచుకుంది. అప్పుడు మా పిల్ల నోరు తెరిచింది. "అ... అ... అది..." పాపం ఆయన సాయం చేద్దామని మాట అందివ్వబోయాడు. అమ్మ చెయ్యెత్తింది. "జర ఆగుండ్రి. దాని మాట అదే చెప్తది." అందరం ఆగాం. చాయ్ మీద మీగడ కట్టింది.

"అది తీ... తీసెయ్. తప్పని గ్రూపులో నువ్వే చె... చెప్పు. నేను రేపు స్కూలుకు వ... వస్తున్నా."

ఆ అమ్మాయి ఏడుస్తూనే మా ముందే వీడియో తీసేసి, తప్పు నాదేనని గ్రూపులో రాసింది. అమ్మ అప్పుడు చల్లారిన చాయ్ అందుకుంది. స్టిక్కర్లు ఇంకొన్నాళ్లు తిరిగాయి, తిరగనీ. మా పిల్ల మళ్లీ నోరు మూయలేదు.

కొన్నాళ్లు పోతే అదే మర్చిపోతుందని అప్పట్లో చాలామంది నాకు చెప్పారు. కొన్నాళ్లంటే ఎన్నాళ్లండీ? మాట లేకుండా గడిచిన ఆ వారం మన లెక్కలో వారమే, పదమూడేళ్ల పిల్ల లెక్కలో ఒక జన్మ.